పిన్ని ఏడ్చిన పేజీలు

ప్రచురణకర్త ఫోన్ చేసి నా నవల వేస్తానన్నప్పుడు ప్రెస్సులో కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాను. వెంటనే ఆయన ఇంకో మాట అన్నాడు.

"నాలుగు వందల పేజీలు మరీ ఎక్కువమ్మా. సోమవారానికల్లా మూడు వందలు చేసివ్వండి. లేదంటే ఈసారికి వేరే నవల వేసేస్తాం."

నా ఉద్యోగం ప్రూఫులు దిద్దడం. మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు దిద్దుతాను. లోకంలో అందరి తప్పులూ ఇట్టే పట్టేస్తాను కానీ, నా రాత దగ్గరికొచ్చేసరికి ప్రతి వాక్యమూ ముద్దొస్తుంది. ఒక రోజంతా కూర్చుని మూడు వాక్యాలు కొట్టేశాను. అందులో ఒకదాన్ని జాలేసి మళ్ళీ పెట్టేశాను.

అప్పుడు తట్టింది. మా ప్రెస్సులో ఎవరూ ఒంటరిగా ప్రూఫు చూడరు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు వింటూ దిద్దుతారు. ఇంట్లో వినడానికి పిన్ని ఉంది. కంటి ఆపరేషన్ అయింది కదా, కొన్నాళ్ళు చదవొద్దు, మిషను కుట్టొద్దు అన్నాడు డాక్టరు. కళ్ళు మూసుకునే స్వెట్టరు అల్లుకుంటోంది.

"చదువు. ఎలాగూ తోచి చావడం లేదు," అంది.

అలవాటుకొద్దీ కామాలు కూడా పైకి చదివేశాను. పిన్ని పకపకా నవ్వింది. "నీ కామాలు నువ్వే ఉంచుకోవే తల్లీ, కథలో ఆవిడ సంగతి చెప్పు!"

రెండో రోజుకి ఒక విషయం కనిపెట్టాను. విసుగొస్తే పిన్ని చేతిలో సూదులు టకటకా పరిగెడతాయి. కథ పట్టుకుంటే ఆగిపోతాయి. నాకు పట్టరాని సంబరం! టకటకలాడిన చోటల్లా ఎర్ర పెన్నుతో అడ్డగీత. ప్రాణం పెట్టి రాసుకున్న వాన వర్ణన, పూర్తిగా నాలుగు పేజీలు, ఆ దెబ్బకి పోయింది. పోయాక చూస్తే కథ తేలికపడి చకచకా నడుస్తోంది. ప్రెస్సులో ఉన్నంతసేపూ ఎప్పుడు ఇంటికెళ్ళి కొట్టేద్దామా అని చెయ్యి దురద పెట్టేది.

శుక్రవారానికి ఇరవై ఆరు పేజీలు పోయాయి. ఇంకా డెబ్బై నాలుగు పోవాలి. పంతొమ్మిదో అధ్యాయం వచ్చింది. చప్పుడు చేయకుండా దాన్ని వదిలేసి ఇరవైకి దూకాను.

ఎందుకంటే అది పిన్ని కథ. ముప్పై ఏళ్ళ కిందట పిన్ని పెట్టె సర్దుకుని, గడియారాలు బాగుచేసే ఆయనతో వెళ్ళిపోదామని బస్టాండుకు వెళ్ళింది. సాయంత్రానికి ఒక్కతే తిరిగొచ్చింది. అతను రాలేదు, మోసం చేశాడు అని ఇంట్లో అందరూ అనుకున్నారు. అడిగితే బాధపడుతుందని ఒక్కరూ అడగలేదు. నేనైతే అక్కణ్ణుంచి నవల పొడుగునా ఆవిణ్ణి ఏడిపించాను.

సూదులు ఆగాయి.

"ఆ అమ్మాయి పెట్టె పట్టుకుని వెళ్ళింది కదే? మళ్ళీ మిషను ముందుకు ఎప్పుడొచ్చింది?"

"మధ్యలో కొంచెం తీసేశాను పిన్నీ."

"తీసేశావా, దాటేశావా?"

పేజీలు వెనక్కి తిప్పాను. చదివాను. బెంచీ మీద కూర్చుని అతని కోసం ఎదురుచూసి, కుళ్ళికుళ్ళి ఏడ్చిందని రాసినదంతా చదివాను. నవల సంగతి దేవుడెరుగు, పిన్ని ఇక నాతో మాట్లాడదేమోనని భయం వేసింది.

"అతను వచ్చాడే," అంది చివరికి.

"ఆఁ?"

"నాకంటే ముందే వచ్చాడు. టికెట్లు కూడా కొన్నాడు. నా మిషను ఎలా తెప్పించుకుందాం అని అడిగితే, 'ఇంక నీకు అదెందుకు, నేనున్నాగా' అన్నాడు. నేనే బస్సెక్కలేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు గనక? వచ్చేసరికే అందరూ పాపం, పాపం అంటున్నారు. వాళ్ళని మధ్యలో ఆపడం నాకు చేతకాలేదు."

రెండేళ్ళుగా నా నవల ఎక్కడ నీరుగారిపోతోందో అప్పుడర్థమైంది. కాగితాలన్నీ మంచం మీద పరిచేశాను.

"పిన్నీ, ఇది రాయనా? నిజంగా రాయనా?"

"రాయి. ఇంతకీ నన్ను ఎన్ని పేజీలు ఏడిపించావే?"

గబగబా తిప్పి లెక్కపెట్టాను.

"డెబ్బై ఎనిమిది."

"అన్నీ కొట్టెయ్," అంది పిన్ని.