పూస అంటించిన మీట

ఏళ్ల తరబడి తన ఫోనే గొప్పదని వాదించిన మొగుడు ఒక ఆదివారం పొద్దున టీ గ్లాసు కింద పెట్టి, "మనిద్దరం ఫోన్లు మార్చుకుందామే" అంటే ఏ పెళ్లానికైనా అనుమానం రాకుండా ఉంటుందా? టైలరమ్మకి వచ్చింది. అనుమానం పెనుభూతం అంటారు గానీ ఆమెది మొదట్లో చీమంతే. దానికి మేత వేసి పెంచింది ఆయనే.

ఆ ఇంట్లో ఫోన్లు రెండు. రెండూ మీటలవే, రెండూ పాతవే. ఆయనది వెడల్పాటిది. టైపు మిషన్‌లా ఒక్కో అక్షరానికీ ఒక్కో మీట, రంగుల తెర, కెమెరా, రెండు సిమ్‌లు. అంకెలు మాత్రం ఆ అక్షరాల మధ్యే ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి. ఆమెది పైకి తోస్తే అడుగు నుంచి అంకెల మీటలు బయటికొచ్చే రకం. ఒక్కో మీట మీద మూడేసి అక్షరాలు, కావలసినదాని కోసం టకటకా నొక్కుకుంటూ పోవాలి. తెర అగ్గిపెట్టెంత. కెమెరా ఉందంటే ఉంది, అందులో ఎవరిని తీసినా మంచులో నిలబెట్టి తీసినట్టే వస్తారు. మీటలు మాత్రం ఉబ్బుగా, దేనికది విడిగా ఉంటాయి. అయిదో అంకె మీదా, ఫోను కలిపే మీట మీదా ఆమె చెరో పూస జిగురుతో అంటించుకుంది. మిషన్ ముందు కూర్చున్నప్పుడు కళ్లు సూది మీంచి కదిలాయంటే కుట్టు వంకర పోతుంది మరి. బొటనవేలితో పూసని తడుముకుని ఫోను మాట్లాడటం ఆమెకి అలవాటు.

ఆ పూసల్ని ఆయన వెక్కిరించని రోజు లేదు. "ఆ చేత్తోనే దానికి ముక్కుపుడక కూడా పెట్టించు" అనేవాడు. అలాంటి మనిషికి ఇప్పుడా ఫోనే కావలసి వచ్చింది.

"నా దాంట్లో ఏముందని?" అందామె.

"గట్టిది. ఛార్జింగు నిలుస్తుంది."

"మీ దాంట్లో నిలవదా?"

"నిలుస్తుందిలే. అయినా నాకు ఫొటోలెందుకు, రంగులెందుకు? పిల్లల ఇళ్లకి ఫోన్లు చేసుకోవడమేగా. నువ్వైతే కుట్టినవాటికి ఫొటోలు తీసుకోవచ్చు."

ఆయన బడి వ్యాను నడుపుతాడు. రోజూ పొద్దున్నే ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి, పాపనో బాబునో గేటు దగ్గరికి తీసుకురమ్మని చెప్పి మరీ బయల్దేరతాడు. ఆ చుట్టుపక్కల పిల్లలందరికీ ఆయన వ్యాన్ అంకుల్. అంతవరకూ బాగానే ఉంది. కానీ పెళ్లాం కుట్టుపని గురించి ఆ మనిషికి ఇంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందో టైలరమ్మకి ఎంతకీ అంతు పట్టలేదు. ఊరక రారు మహానుభావులు అనుకుంటూనే సిమ్‌తో సహా ఫోను మార్చుకుంది.

మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. పక్క వీధిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది, ఊళ్లో కబుర్లన్నీ ఆమె కుర్చీలోంచే బయల్దేరతాయి. సంగతి విని నోరు తెరిచింది.

"నేను ఉత్త పుణ్యానికి టచ్ ఫోనిస్తానంటే వద్దన్న బావ, నీ డొక్కు డబ్బా అడిగాడా? అక్కా, ఇందులో ఏదో ఉంది."

"ఏముంటుందే?"

"రెండు సిమ్‌ల ఫోను నీ చేతిలో పెట్టాడంటే, తుడవాల్సినదంతా తుడిచేసే పెట్టుంటాడు. ఇంకో సిమ్ ఎక్కడ దాచాడో చూడు ముందు."

"నోర్ముయ్" అంది టైలరమ్మ. చెల్లెలు అటు వెళ్లగానే ఫోను వెనక మూత ఊడదీసి చూసింది. రెండో సిమ్ అర ఖాళీగా ఉంది. అది చూసి కుదుటపడాల్సిన మనిషి, ఎప్పుడు తీసేశాడో అని ఇంకా కుతకుతలాడింది.

ఆ రోజు నుంచి కాపలా మొదలైంది. ఆయన ఆమె ఫోను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడతాడు. ముఖం వీధి వైపు, వేలు మీటల మీద. ఫోను వంక కన్నెత్తి చూడడు. ఆమె గదిలోకి వస్తే ఉలిక్కిపడతాడు. దొంగ పనులు చేసేవాళ్లు కాకపోతే ఎవరు అలా ఉలిక్కిపడతారు? అంతకుముందు సాయంత్రం పూట పక్కన కూర్చుని ఆమె సూదుల్లోకి దారం ఎక్కించి పెట్టేవాడు. ఈ మధ్య అదీ మానేశాడు. చేతికి గ్రీజు ఉందంటాడు. చేతులు కడుక్కుంటే పోని గ్రీజు ఏమిటో!

నాలుగో రోజు ఆయన వ్యాను కడగడానికి దిగినప్పుడు ఆమె తన చేతికొచ్చిన ఆయన ఫోనులో పాత కాల్స్ తిరగేసింది. పొద్దుటి ఫోన్లన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ ఉత్త అంకెలే; పేరు నొక్కకుండా అంకెలు కొట్టి చేస్తే ఆ పాత ఫోను అంతే చూపిస్తుంది. పేర్ల పట్టీలో చూస్తే మాత్రం ఎర్రగేటు పాప అమ్మ, మేడమీది కవలలు, అందరూ భద్రంగా ఉన్నారు. పేరు నొక్కితే పోయేదానికి అంకెలెందుకు కొట్టాడు? పైగా ఆ పట్టీలో ఎవరిదీ కాని నంబరు ఒకటి రోజూ పొద్దున్నే ఉంది. ఆమె దానికే ఫోను కలిపింది.

ఎత్తింది ఆడగొంతు. "హమ్మయ్య, మీరేనా? నాలుగు రోజులుగా ఫోన్ లేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను."

చెల్లెలు చెప్పిందే నిజమైంది. ఇన్నేళ్ల కాపురం కళ్ల ముందే కూలిపోయినట్టయింది.

అవతలి గొంతు ఆగలేదు. "చెప్పండి బాబూ, పాపని గేటు దగ్గరికి తీసుకురమ్మంటారు, అంతేగా? మా ఇంట్లో పాప లేదని ఎన్నిసార్లు చెప్పాలి? పాపం, రోజూ క్షమించమంటారు, మర్నాడు మళ్లీ చేస్తారు."

టైలరమ్మ ఫోను పెట్టేసి, ఎర్రగేటు పాప అమ్మ నంబరు తీసి పక్కన పెట్టి చూసుకుంది. ఒక్క అంకె తేడా. ఆ అంకె మీట సరైనదానికి సరిగ్గా కిందే ఉంది. మళ్లీ పేర్ల పట్టీ చూసింది. రంగుల తెర మీద పేరు స్పష్టంగానే ఉంది, చదవగలిగినవాళ్లకి.

చదవగలిగినవాళ్లకి. ఆమె అలాగే కూర్చుండిపోయింది. సూదిలోకి దారం. వ్యాను ఎడమ పక్కన పొడుగాటి గీత, బండివాడెవడో రాసుకుపోయాడన్నాడు. పేపరు మానేశాడు, అన్నీ చెడ్డ వార్తలేనన్నాడు. మొగుడు ఎవరిని చూస్తున్నాడా అని కాపలా కాసింది గానీ, అసలు కనపడుతోందా అని అడగనే లేదు.

అయినా అనుమానం తీరాలి. మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆమె తన ఫోను తీసి, సూది మొనతో రెండు పూసలూ ఊడబెరికింది.

ఆయన వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎండ నేరుగా ఫోను మీద పడుతోంది. బొటనవేలు మీటల మీద జారింది, ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వెతికింది.

"పూస ఏదే?" అన్నాడు.

"పూసెందుకు? ఫోను కలిపే మీట పచ్చగా కనపడుతూనే ఉందిగా."

ఆయన గోడ తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి?" అందామె.

"వేసవికి ముందు నుంచి. అంచులు కనపడతాయి. నడిమధ్యన మసక."

"డాక్టర్?"

"స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు."

ఇంకో ఆడది ఉన్నా బాగుండేదని ఆ క్షణాన టైలరమ్మకి నిజంగా అనిపించింది. ఆడదైతే వెళ్లి జుట్టు పట్టుకోవచ్చు. దీన్ని ఏం పట్టుకుంటుంది?

"ఆ దారి నాకు కంఠతా వచ్చునే" అన్నాడాయన గబగబా. "ఎక్కడ ఏ గుంత ఉందో కళ్లు మూసుకుని చెబుతాను."

"గుంతలు ఉన్నచోటే ఉంటాయి. పిల్లలుంటారా?"

ఆయన తల దించుకున్నాడు.

"ఆ గీత బండివాడు గీసింది కాదే. ఎర్రగేటు స్తంభం. పాప అప్పుడే పక్కకి జరిగింది. వ్యాన్ అంకుల్ అని నవ్వుకుంటూ ఎక్కింది. నాకది నవ్వాక తెలిసింది, అక్కడుందని."

టైలరమ్మ లేచి, మేకుకున్న వ్యాను తాళాలు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఈ ఒక్కరోజుకీ..."

"ఒక్క ఇంటి దాకా కూడా కాదు."

పిల్లలు సంచులు తగిలించుకునే వేళయింది. ఇళ్లవాళ్లకి తనే చెబుదామని ఆమె ఆయన ఫోను తీసింది. పేరు నొక్కబోతుంటే ఆయన చెయ్యి చాపాడు.

"వద్దు. నేనే చెబుతాను. పూస పెట్టివ్వు."

ఆమె జిగురు సీసా తెచ్చింది. ఎక్కడి పూస అక్కడ అంటించి, ఆరేదాకా ఊదుతూ నిలబడింది. ఏడుపు వస్తోంది, మళ్లీ ఆయన మీద కోపమూ వస్తోంది. ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన పూస తడుముకుని, ఒక్కో అంకే నొక్కాడు. ఈసారి నంబరు తప్పలేదు.

"అమ్మా, వ్యాన్ అంకుల్‌ని. పాపని గేటు దగ్గరికి తీసుకురావద్దు." ఆగి, మళ్లీ అన్నాడు. "నాకు పాప కనపడటం లేదు తల్లీ."