ఎడమ వాకిలి

తమ్ముడి పక్కటెముకలు మూడు విరిగాయి. పోటీలో దెబ్బలు మామూలే కదా అని యుక్‌చీ సరిపెట్టుకునేదేమో. కానీ హాంకాంగ్‌లోని ఆ మేడమీది కుంగ్‌ఫూ శిక్షణశాలలో, పెద్ద శిష్యుడు పాంగ్‌హోయ్ అందరి ముందూ నోరు పారేసుకున్నాడు.

"తప్పంతా వాడిదే. గురువుగారు నేర్పినట్టు నిలబడితే దెబ్బెందుకు తగుల్తుంది?"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేర్పినట్టే నిలబడ్డాడు. అందుకే తగిలింది!"

ఒంట్లోకి దెబ్బ దూరే వాకిళ్లు నాలుగు. భుజాల దగ్గర రెండు, పక్కటెముకల దగ్గర రెండు. ఉన్న రెండు చేతులే నాలుగింటికీ కాపలా. తామ్ గురువుగారు ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం ఇదే. ఆయన కుడిచేయి ముందుంటుంది, ఎడమచేయి నడుము దగ్గర ఉంటుంది. ఆయన చేయి ఎక్కడుంటే నలభై మంది చేతులూ అక్కడే! ఎందుకని ఒక్కడూ అడగడు. అడిగితే మర్యాద కాదట! అంతకుముందే ఆస్పత్రిలో తమ్ముడి మంచం పక్కన యుక్‌చీ అదే భంగిమ పట్టి చూసుకుంది. ఎడమ పక్కన జానెడు మేర బార్లా తెరిచి ఉంది, దొంగను పిలిచి పీట వేసినట్టు.

పాంగ్‌హోయ్ ఊరుకుంటాడా? "గురువుగారి భంగిమకే వంక పెడతావా? మోకాళ్ల మీద కూర్చుని టీ ఇచ్చి క్షమాపణ అడుగు. లేదంటే మెట్లు దిగు!"

ఆదివారం, తమ్ముణ్ణి కొట్టిన జట్టుతోనే రెండో పోటీ. దానికి వెళ్లేది అతనే. ఆ పొగరు అప్పుడే తలకెక్కింది.

యుక్‌చీ గురువుగారి ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా కప్పు ఎత్తింది. గురువు అందుకునేదాకా శిష్యులు లేవకూడదు. అయితే ఆమె కప్పు పట్టుకున్నది ఆయన ఎడమ భుజం ఎత్తున. ఆయన కుడిచేయి చాపాడు. ఆమె కప్పు పక్కకు లాగింది.

"ఎడమ చేత్తో పుచ్చుకోండి గురువుగారూ."

"ఏయ్, ఏంటా వేషాలు?" పాంగ్‌హోయ్ అరిచాడు.

"నువ్వాగన్నా. మధ్యలో వచ్చావంటే ఈ టీ నీ మొహాన పోస్తా!"

నడుము దగ్గరున్న గురువుగారి ఎడమచేయి కదిలింది. జానెడు లేచి ఆగిపోయింది. టీ చల్లారింది. చేతులు గుంజుతున్నా ఆమె కప్పు దించలేదు.

"లేవదమ్మా," అన్నాడాయన చివరికి. "యుద్ధం రోజుల్లో వెదురు పరంజా మీంచి పడ్డాను. చెయ్యి లేవని గురువు దగ్గరికి ఎవరొస్తారు? అందుకే చెప్పలేదు."

"ఇరవై ఏళ్లు! మీ దెబ్బనే విద్యనుకుని మేం నేర్చుకుంటుంటే చూస్తూ కూర్చున్నారా? మావాడు ఊపిరి పీల్చాలంటే ఏడుస్తున్నాడు గురువుగారూ!"

ఆయన తల దించుకున్నాడు. ఆమెకది చాలలేదు. "నాకు కాదు, అన్నకి చెప్పండి. ఆదివారం వెళ్లేది అన్న."

పాంగ్‌హోయ్ మొహం పాలిపోయింది. ముసలాయన అతని వైపు తిరిగి, "ఎడమచెయ్యి ఎత్తు. మోచెయ్యి పక్కటెముకలకి ఆనాలి," అన్నాడు.

అతను ఎత్తాడు. యుక్‌చీ కప్పును గురువుగారి కుడిచేతికే ఇచ్చి లేచింది. పాంగ్‌హోయ్ గుండెకేసి పిడికిలి విసిరింది. అతని కుడిచేయి అడ్డుకుంది. ఎడమచేయి మాత్రం దానంతటదే నడుము దగ్గరికి జారింది. ఆమె రెండో పిడికిలి అతని పక్కటెముకలకు అంగుళం దూరంలో ఆగింది.

మళ్లీ విసిరింది. చేయి మళ్లీ జారింది. పద్నాలుగేళ్ల అలవాటు మరి!

"ఇంకోసారి చెల్లీ," అన్నాడు పాంగ్‌హోయ్. అతని గొంతులో పొగరు లేదు.

ఆ రోజు అప్పటికే శుక్రవారం.