గుప్పెడు దూది

బూరుగుదూది ఒలిచేటప్పుడు ఫ్యాను వేయకూడదు, కిటికీ తీయకూడదు. కాస్త గాలి సోకినా దూది గదంతా లేస్తుంది. అందుకే ఖుద్సియా, చెల్లెలు జహీదా వెనకగది తలుపు దగ్గరగా వేసుకుని, చెమట కారుతున్నా కదలకుండా కూర్చుని, దూదిలోంచి నల్లటి గింజలు ఏరుతున్నారు. పరుపులు, దిండ్లు కుట్టడం ఆ ఇంటి వృత్తి. సత్తుపల్లిలో వాళ్ల తండ్రి వజీర్‌ను ఎరగనివాళ్లు తక్కువ.

దమ్మపేట అడవి పక్క తండా నుంచి దూది తెచ్చే కమ్లి సంచి దించి, చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏం బిడ్డా, కంప్యూటర్ చదివినవంట గదా. ఇంకా మా దూదిలనే ఉన్నవేంది?"

"నువ్వు గింత మంచి దూది తెస్తుంటే ఇడిసి పోబుద్ధయితలేదు కమ్లక్కా."

కమ్లి పగలబడి నవ్వింది. "మా తండా పోరగాళ్లు పట్నంల హోటళ్లకు పోయి గిన్నెలు తోముతున్నరు. నీకు గా కంప్యూటర్ తోమే పనన్న ఇయ్యరా?"

జహీదా నవ్వు ఆపుకోలేక ఒళ్లోని దూది ఊదేసుకుంది. ఖుద్సియా కూడా నవ్వింది. ఇలాంటి మాటలకు నవ్వడం ఆమెకు ఈ ఏడాదిలో బాగా అలవాటైంది.

తొంభై ఒకటిలో ఆమె ఖమ్మంలో కంప్యూటర్ సైన్స్‌తో డిగ్రీ పూర్తి చేసింది. వాళ్ల వీధిలో ఆడపిల్ల ఎవరూ అంత చదవలేదు. హైదరాబాదులో ఒక కంపెనీవాళ్లు పరీక్ష పెట్టి, మాట్లాడి, కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. తండ్రిని వెంటబెట్టుకుని తనే వెళ్లింది. ఆఫీసులో సగం బల్లలకు గుడ్డలు కప్పి ఉన్నాయి. ఆమెను ఇంటర్వ్యూ చేసినాయనే తన సొరుగు ఖాళీ చేసుకుంటున్నాడు. "బయటి దేశాల పనులు ఆగిపోయాయమ్మా. ఉన్నవాళ్లనే పంపించేస్తున్నారు," అన్నాడు. మిగతాచోట్ల అనుభవం ఉందా అని అడిగారు. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. తిరుగు బస్సులో వజీర్ ఆమెను ఒక్క మాట అనలేదు. సూర్యాపేటలో దిగి సోడా కొనిచ్చాడు.

ఇప్పుడు జహీదాకు అదే కాలేజీలో, అదే చదువుకు సీటు వచ్చింది. సోమవారం చేరాలి. వజీర్ ఇంకా అవుననలేదు, కాదనలేదు.

కమ్లి వెళ్లాక జహీదా అక్క దగ్గరికి జరిగింది.

"ఆపా, అబ్బా నిన్నే అడుగుతడు. జర మంచిగ చెప్పవా?"

"ఏమని చెప్పాలె?"

"నా చదువయ్యేసరికి రోజులు మారతయని చెప్పు."

"నీకు భయమైతలేదా?"

"నీకు రాకుంటే నాకు రాదా ఏంది?" అనేసి జహీదా నాలుక కరుచుకుంది. "గట్ల కాదు ఆపా..."

"తెలుసులే," అంది ఖుద్సియా. గింజలు ఏరుతూనే ఉంది.

మధ్యాహ్నం వజీర్ వచ్చి వాళ్ల ఎదురుగా కూర్చున్నాడు. కమ్లి తెచ్చిన సంచిలో అడుగుదాకా చెయ్యి పెట్టి గుప్పెడు దూది తీశాడు. వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఏ బస్తా అయినా అంతే. ఆ గుప్పెడు చెప్పిందే ఆయనకు మాట, మిగతాది విప్పి చూడడు.

"ఖుద్సియా బేటా, నాకు దూది తప్ప ఇంకో సంగతి తెల్వదు. మన ఇంట్ల చదువుకు నువ్వే మొదటి గుప్పెడు. అదెట్లాంటిదో నీకే ఎరుక. చెల్లెను పంపమంటే పంపుతా, వద్దంటే ఆపుతా. నువ్వే చెప్పు."

జహీదా తల ఎత్తలేదు. వేళ్లు మాత్రం ఆగిపోయాయి.

మొదటిసారి తను రాసిన ప్రోగ్రాం తెర మీద నడిచిన రోజు గురించి చెప్పాలనుకుంది ఖుద్సియా. ఆ రాత్రి హాస్టల్లో సంతోషానికి అన్నం సయించలేదు. నోరు తెరిచేలోపే గుడ్డలు కప్పిన బల్లలు కళ్ల ముందుకొచ్చాయి. అదే బస్సులో జహీదా తిరిగి రావడం కనబడింది. చెల్లెల్ని కాపాడాలనే అనుకుంది. కానీ దాని వెనక ఇంకో మాట నక్కి ఉంది. రేపు చెల్లెలికి ఉద్యోగం వస్తే, తప్పు రోజులది కాదు, తనదేనని తేలిపోతుంది.

"వద్దబ్బా," అంది. "నౌకరీలు లేవు. ఇంటికాడనే ఉండనియ్యి."

ఖర్చు తప్పిందని తండ్రి ఊపిరి పీల్చుకుంటాడనుకుంది. ఆయన ముఖం వాడిపోయింది.

తల్లి వంటింట్లోంచి వచ్చింది. "గట్లంటివేందే? మీ అబ్బా నిన్నటి సంది కుడుతున్న పరుపు ఎవరిదనుకున్నవ్? మన జహీదా హాస్టల్ల పండుకోనీకె. నీ నోట ఒక్క ధైర్యం మాట ఇందామని అడిగిండంతే."

ఖుద్సియా తండ్రి వైపు జరిగింది. "అబ్బా, పంపు. నా మాట పట్టుకోకు. దాని రోజులు వేరుంటయేమో."

"ముందు వచ్చిందే నిజం మాట బేటా," అన్నాడు వజీర్ మెల్లగా. "తర్వాతది ప్రేమకొద్ది అంటున్నవ్. నువ్వు పోయి చూసొచ్చినవ్. మేం చూడలే."

ఆయన లేచి ముందుగదిలోకి వెళ్లాడు. కాసేపటికి కత్తెర చప్పుడు వినబడింది. ఆ పరుపు కుట్లు విప్పుతున్నాడు.

"జహీదా," అంది ఖుద్సియా. చెల్లెలి చెయ్యి పట్టుకుంది. జహీదా విదిలించుకోలేదు. ఆ చేతిని నెమ్మదిగా తీసి, అక్క ఒళ్లోనే పెట్టి లేచింది. తండ్రి పక్క నుంచే, పరుపు అంచు తొక్కకుండా దాటుకుంటూ వెళ్లి ఎండలోకి దిగింది.