తొట్టిలో అడిగే మాట

తెల్ల అంగీ అంచు మడతలో ఇనుప వాషర్లు పెట్టి కుట్టడం ఆ సంఘంలో ఆనవాయితీ. బాప్తిస్మం తొట్టిలోకి దిగినప్పుడు అంగీ గొడుగులా విచ్చుకుని పైకి తేలిపోకుండా ఆ బరువు కిందికి పట్టి ఉంచుతుంది. టైలరమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ అంగీలన్నీ తనే కుట్టింది. ఈసారి తన కొలతలకే కుడుతుంటే, దారం సూదిబెజ్జంలోకి ఎక్కనంటే ఎక్కనని మొరాయించింది.

"ఇదేంటోయ్, గుడారం కుట్టావా?" అన్నాడు మొగుడు, అంగీ రెండు చేతులా ఎత్తి పట్టుకుని.

"లోపల ఇద్దరం పట్టాలిగా మరి," అంది. ఆమెకు ఏడో నెల.

ఆమె పుట్టింటివాళ్ళది పసిబిడ్డల నెత్తిన నీళ్ళు చిలకరించే చర్చి. మెట్టినింటివాళ్ళది, బుద్ధెరిగాక తమ నమ్మకాన్ని నోరారా ఒప్పుకున్నవాళ్ళనే నిండా ముంచే సంఘం. ఆ సంఘానికి పాస్టరు ఆమె మామగారే. పెళ్ళప్పుడు "తర్వాత చూసుకుందాంలే" అని అందరూ దాటేసిన సంగతి ఇప్పుడు కడుపుతో పాటు పెరిగి ఎదురుగా నిలబడింది. బిడ్డ పుట్టేలోపు కోడలు బాప్తిస్మం తీసుకోవాలని మామగారు తేల్చి చెప్పారు. ఊరందరికీ చెప్పి సొంత ఇంట్లో ఊరుకుంటే సంఘంలో తలెత్తుకోలేమన్నారు. ఆమె సరేనంది.

నీళ్ళంటే ఆమెకు భయం లేదు. భయమల్లా నీళ్ళలో నిలబెట్టి అడిగే ఒక్క మాట గురించే. చిన్నప్పుడు చిలకరింపు పొందినవాళ్ళను, ముంచే ముందు అందరూ వినేలా అడుగుతారు. "పసితనంలో నీ తలమీద పడిన నీళ్ళు బాప్తిస్మం కాదని ఒప్పుకుంటున్నావా?" ఒప్పుకుంటున్నానని గట్టిగా చెప్పాలి. చెప్పాకే ముంచుతారు.

ఆమెకో తమ్ముడు ఉండేవాడు. పుట్టిన రోజే పోయాడు. ఊపిరి అందక ఒళ్ళంతా నీలంగా మారిపోతుంటే, చర్చి గురువుగారు వచ్చేదాకా ఆగలేక, అమ్మే మంచం పక్కనున్న గ్లాసులో వేళ్ళు ముంచి వాడి నెత్తిన చల్లి, తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర అంది. ఆపదలో ఎవరు చేసినా చెల్లుతుందని గురువుగారు తర్వాత చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకునే అమ్మ ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

సంగతి తెలిసి అమ్మ నేరుగా కుట్టుషాపుకే వచ్చింది. కత్తిరింపుల బల్ల పక్కన కూర్చుని, కిందపడిన గుడ్డపీలికలు ఏరుతూ అంది:

"నీదాకా నీ ఇష్టం అమ్మడూ. ముంచుకుంటావో, తేల్చుకుంటావో! కానీ అది బాప్తిస్మం కాదని నువ్వు నోటితో అంటే, వాడి సంగతేంటే?"

"పసిబిడ్డలకి అసలు అక్కర్లేదంటారమ్మా మామయ్యగారు. దేవుడే చూసుకుంటాడట."

"చూసుకుంటాడట! ఆయన చేతుల్లో ఎప్పుడైనా బిడ్డ చల్లబడిందా?" అమ్మ గొంతు తగ్గింది. "రేపు నీకు పుట్టేదీ అలాగే పుడితే? పక్కన నీళ్ళు పెట్టుకుని చూస్తూ నిలబడతావా?"

"ఆ మాట అనకమ్మా!"

అమ్మ నాలుక కరుచుకుంది. కానీ అన్న మాట వెనక్కి పోలేదు. అప్పటినుంచి టైలరమ్మకు కంటిమీద కునుకు కరువైంది. కాసేపు కడుపులో కదలిక లేకపోతే చాలు, మిషను ఆపేసి చెయ్యి పెట్టుకుని కూర్చునేది. కదలిక కోసం చన్నీళ్ళు తాగేది. బిడ్డ తన్నాకే మళ్ళీ మిషను తొక్కేది. ముంచే సంఘంలో చేరితే తన బిడ్డకు నీళ్ళు పోసేవాళ్ళుండరు. చేరకపోతే ఇంట్లో తనకు చోటుండదు. ఎటు తిరిగినా గోడే.

ఉండబట్టలేక ఒకరోజు మామగారి దగ్గరికెళ్ళింది. "మామయ్యా, ఆ ప్రశ్న ఒక్కటి వదిలేయకూడదా?"

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. ఆయన కసురుకునే మనిషి కాదు. "వదిలేస్తే నిన్ను ముంచడానికి అర్థమేముందమ్మా? మొదటిది నిజమైతే రెండోది తప్పు. రెండోది నిజమైతే మొదటిది ఉత్తదే. భయపడకు, నేను పట్టుకునే ఉంటాగా."

ఆయన మెత్తగా చెప్పినకొద్దీ ఆమెకు భయం ఇంకా ఎక్కువైంది.

ఆదివారం వేదిక మీది చెక్కలు తీసి, కింద తొట్టి నింపారు. పాట అవుతుండగా ఆమె మెట్లు దిగింది. చలి నడుముదాకా పాకింది. వాషర్ల బరువుకు అంగీ కాళ్ళకు చుట్టుకుంది. తల ఎత్తితే, చివరి వరుసలో తలుపు పక్కన అమ్మ. వస్తానని చెప్పలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది.

మామగారు ఆమె మోచెయ్యి పట్టుకుని అడిగారు. ఆమె తలుపు వైపు చూసింది. ఆయన మళ్ళీ అడిగారు.

"అనలేను మామయ్యా."

వరుసల్లో గుసగుసలు లేచాయి. "పాస్టరుగారి కోడలేనా ఇది!" అన్నారెవరో పైకే.

ఆయన గొంతు తగ్గించారు. "కంగారు పడుతున్నావమ్మా. నేనడిగేది నీ సంగతే."

"నా ఒక్కదాని సంగతైతే చెప్పేసేదాన్ని. నాది కాదంటే మా తమ్ముడిదీ కాదన్నట్టే. వాడు మళ్ళీ వచ్చి మునగలేడు కదా."

మోచేతి మీద ఆయన పట్టు సడలింది.

"అయితే నేను ముంచలేనమ్మా."

"తెలుసు."

ఆమె మెట్లెక్కింది. పైన మొగుడు తువ్వాలు అందించాడు. "నాన్నతో నేను మాట్లాడతాలే," అన్నాడు కానీ, తండ్రి వైపు అడుగు వెయ్యలేదు.

బట్టలు మార్చుకునే గదిలోకి వెనకాలే అమ్మ వచ్చింది, తలుపు వేసింది. కూతుర్ని స్టూలు మీద కూర్చోబెట్టి, కింద చతికిలబడి, పాదాలు తుడవసాగింది. అమ్మ సంతోషిస్తుందనుకుంది టైలరమ్మ. అమ్మ తల ఎత్తలేదు.

"ఎందుకే అలా చేశావు?"

"నీ కోసమేగా!"

"ఒకవేళ పసిబిడ్డలకి నీళ్ళు అక్కర్లేదన్న వాళ్ళ మాటే నిజమైతే?"

"అదేంటమ్మా, నువ్వేగా..."

"నేను నీళ్ళు చల్లేసరికి వాడున్నాడో లేడో నాకు తెలీదే." అమ్మ గొంతు గుసగుసకు దిగింది. "నీళ్ళు తగిలితే ఏ బిడ్డయినా ఉలిక్కిపడతాడు. వాడు ఉలిక్కిపడలేదు. ఇన్నేళ్ళుగా అదే చూసుకుంటున్నా కళ్ళముందు. ప్రాణం పోయాక చల్లితే ఏ చర్చీ ఒప్పుకోదు."

గోడకవతల ఇంకెవరినో ముంచిన చప్పుడైంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఉన్నాడమ్మా," అంది కూతురు.

"నీకెలా తెలుసే? నువ్వప్పుడు పక్కింట్లో ఉన్నావుగా."

వంగి అమ్మ భుజాలు పట్టుకుంది.

"తెలీదమ్మా. రేపు నా బిడ్డకేం చేస్తానో కూడా తెలీదు. కానీ కాదనే మాట మాత్రం నా నోట రాదు. ఎవరడిగినా రాదు."

అమ్మ తువ్వాలు మడిచి రెండో పాదం అందుకుంది.