కవరు విప్పని దిండ్లు

జగ్గయ్య ఏ వస్తువు కొన్నా కవరు చింపడు. చింపితే అది మనకే అంటగట్టినట్టు, చింపనంతవరకూ వెనక్కిచ్చే దారి ఉన్నట్టు. పవర్ హౌస్ బజార్లో తాళ్లూ టార్పాలిన్లూ అమ్మే అతని దుకాణం ఇన్నేళ్లూ ఈ లెక్క మీదే నడిచింది. ఇంట్లో టీవీ రిమోట్ కూడా ఇంకా కవర్లోనే ఉంది. బటన్లు కనిపించక భార్య గౌరీదేవి తడుముకుంటూ నొక్కుతుంది.

ఆ ఆదివారం ఊరి బయట ఉతై వెళ్లే దారిలోని జలాశయంలో కూతురు మేఘన తెరచాప పడవ ఎక్కుతున్నప్పుడు కూడా ఆ అలవాటు అతని వెంటే వచ్చింది. గట్టుకీ గోడకీ పడవ ఒరుసుకోకుండా పక్కన వేలాడదీసే గాలి నింపిన రబ్బరు దిండ్లను ఫెండర్లంటారు. పాతవి చిరిగిపోతే కొత్తవి తెప్పించింది జగ్గయ్యే. కట్టిందీ అతనే.

"తాళ్ల సంగతి నాకు చెప్పకమ్మా. లారీ మీద సరుకు కదలకుండా కట్టించే చేతులివి," అన్నాడు.

మేఘన తెరచాప సర్దుకునే పనిలో ఉండి అటు చూడలేదు. దిండు కొసన తాడు దూర్చడానికి రంధ్రం ఉంటుంది. అది కవరు లోపల ఉంది. జగ్గయ్య కవరు అంచులు దగ్గరికి లాగి, బస్తా మూతి కట్టినట్టు బిగించి, మూడు దిండ్లనూ పడవ పక్కన వేలాడదీశాడు.

మేఘనకి విశాఖపట్నంలో పడవలు నేర్పే ఉద్యోగం వచ్చింది. చేరుతుందో లేదో ఆ సాయంత్రంలోగా వాళ్లకి చెప్పాలి. కానీ దుకాణంలో తన తర్వాత కూర్చునేది మేఘనేనని జగ్గయ్య ఎప్పుడో లెక్క వేసుకున్నాడు. వెళ్లొద్దని అనలేదు. బేరంలో వద్దనే మాట అతను వాడడు, షరతు పెడతాడు.

"నన్నెక్కించుకుని ఆ పంపుహౌసు దాకా వెళ్లి రా. పడవకి గీత పడకూడదు. పడకపోతే వెళ్లు, పడితే దుకాణంలో కూర్చో."

"పక్కా?"

"పక్కా."

పంపుహౌసు దాకా పడవ హాయిగానే సాగింది. అక్కడ గాలి దారి మార్చింది. నీళ్ల మీంచి విసురుగా వచ్చి, పడవని పంపుహౌసు గోడ వైపు నెట్టింది. పక్కన పొడుగాటి గోడ, వెనక నీళ్లలోకి పొడుచుకొచ్చిన అడ్డుగోడ. ఆ రెంటి మధ్య మూలలోకి పడవ చేరింది. మేఘన చాప దించేసింది. అయినా గాలి వదల్లేదు. మనిషి ఎత్తుకి మించిన గోడ, నిండా పాచి, చేత్తో పట్టుకోడానికి ఏమీ లేదు.

గోడకీ పడవకీ మధ్య నలిగిన మొదటి దిండు కవరు చీల్చుకుని, తొక్క తీసిన అరటిపండులా జారి నీళ్లలో పడింది. కాసేపటికి నడుమదీ పోయింది. ఆ వెంటనే చెక్కని సిమెంటు గీకుతున్న చప్పుడు మొదలైంది.

"నాన్నా, దిండ్లేవి?"

"కట్టేనే."

మేఘన తాడు లాగింది. కొసన ఖాళీ కవరు నీళ్లు కారుతూ పైకొచ్చింది.

"కవర్తో కట్టేసేవా?"

"సైజు కుదరకపోతే వెనక్కివ్వాలి కదా అని."

"అరే నాన్నా. ఇప్పుడెవరికిస్తావు, చేపలకా?"

జగ్గయ్య నీళ్లకేసి చూశాడు. ఈత రాదు. లైఫ్ జాకెట్ గడ్డం కిందకి ఎక్కి మెడ తిప్పనివ్వడం లేదు. ఒక మోచెయ్యి గోడకి తగులుతోంది, మోకాళ్లు పడవ నడుం చెక్కకి ఆనుకుని ఉన్నాయి. ఇలా ముడుచుకుని కూర్చోవడం అతనికి కొత్త కాదు. దుకాణంలో రెండు వైపులా తాళ్ల చుట్టల మధ్య రోజూ కూర్చునేది ఇలాగే. కాకపోతే అక్కడ ఎప్పుడూ ఊపిరాడనట్టు అనిపించలేదు.

ముందువైపు ఒక్క దిండు మిగిలింది. జగ్గయ్య దాన్ని పైకి లాగి, పళ్లతో కవరు చింపి, రంధ్రంలోంచి తాడు దూర్చాడు. గీక్కుపోతున్న నడుమ దగ్గర కట్టబోయాడు.

"అక్కడ కాదు. వెనక మూలకి కట్టు."

"రాసుకునేది ఇక్కడ కదే."

"అక్కడ కడితే గీత పడదు, కానీ ఇక్కడే ఉండిపోతాం. నేను పడవ ముక్కుని బయటికి తోస్తాను. పడవ ఆ వెనక దిండు మీద తిరగాలి."

"మరి నడుం?"

"రాసుకోనీ."

"గీత పడితే నీకే కదే..." సగంలో ఆగిపోయాడు.

"తెలుసు నాన్నా. ముందు బయటపడాలి కదా. కట్టు."

షరతు తనది, గెలిచేదీ తనే. అయినా ఆ గెలుపు జగ్గయ్యకి రుచించలేదు. వెనక్కి పాకి, ఊగని ఇనుప కొక్కేనికి తాడు చుట్టాడు.

"ఇంకొంచెం కిందకి. గోడ తగిలే చోటుకి. నీళ్లలో మునగనీకు. అంత బిగించేస్తే ఎలా, అది దొర్లాలి."

లారీ ముడి విప్పి వదులుగా కట్టాడు. ఇన్నేళ్లలో సరుకుని వదులుగా కట్టడం అదే మొదలు.

మేఘన తెడ్డు గోడకి ఆనించి తోసింది. ముక్కు కాస్త బయటికి జరిగింది. గాలి తిరిగి గోడకి కొట్టింది. మళ్లీ తోసింది, మళ్లీ కొట్టింది. నీళ్ల మీద అలల్ని చూస్తూ ఆగింది. గాలి కాస్త సడలగానే ఒంటి బరువంతా వేసి తోసింది. వెనక దిండు నలిగింది, దొర్లింది, పడవ తిరిగింది.

"తెడ్డెయ్యి నాన్నా. ఆపకు."

రెండో తెడ్డు పట్టుకుని జగ్గయ్య భుజాలు పడిపోయేలా వేశాడు. అడ్డుగోడ దాటాక గానీ వెనక్కి చూడలేదు.

ఒడ్డుకి వచ్చాక మేఘన పడవ నడుమ మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది. మూరెడు పొడుగున రంగు లేచి, చెక్క బయటపడింది.

"గీత పడింది. నువ్వే గెలిచేవు. రానని చెప్పేస్తాను." ఫోను తీసింది.

జగ్గయ్య లైఫ్ జాకెట్ ముడి విప్పుకుంటూ, "ప్యాకింగ్ ఎవరిది?" అన్నాడు.

"ఏటి?"

"దారిలో సరుకు దెబ్బతింటే ట్రాన్స్‌పోర్టువాడు ముందు అడిగేదదే. ప్యాకింగ్ చెడ్డదైతే తెచ్చినవాడి తప్పు కాదు. దిండ్లు కట్టింది నేను. వస్తానని చెప్పు."

మేఘన అతని మొహంలోకి చూసింది. "మళ్లీ ఇంటికెళ్లేక మాట మార్చవు కదా?"

"తొందరగా చెప్పవే, మీ అమ్మ ఫోన్ చేస్తాది."

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరిచి, జగ్గయ్య తన చోట కూర్చున్నాడు. మోకాళ్లకి తాళ్ల చుట్ట తగిలింది. కాలితో దాన్ని అవతలికి తోశాడు. దాని వెనక ఇంకో చుట్ట, దాని వెనక గోడ. ఎక్కడికీ జరగలేదు. మోకాళ్లు ముడుచుకున్నాడు.