నిలబడి పోసిన పాలు

పాలు నిలబడే పోయాలి. కూర్చుని పోస్తే గిరాకీ కూడా కూర్చుంటుంది. సత్తెమ్మ వాళ్ళ అత్త బతికున్నన్నాళ్ళూ ఈ మాట అనేది. ఆమె పోయి పన్నెండేళ్ళయింది. మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

పాతబస్తీ జహనుమాలో వాళ్ళది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో పదకొండు బర్రెలు. ముందు, గల్లీవైపు అరుగు మీద క్యాన్లు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు అమ్మకం. పాల దగ్గరికి చెప్పులతో రాకూడదు. అరుగుకు పరిచిన షాబాద్ బండల మీద తడి ఎప్పుడూ ఆరదు. ఆ తడిలో, వట్టి కాళ్ళతో, సత్తెమ్మ ముప్పై ఏళ్ళు నిలబడింది. కడుపుతో ఉన్న నెలలు కూడా అందులోనే ఉన్నాయి. మగవాళ్ళు పాలు పిండుతారు, హోటళ్ళకు వేసి వస్తారు, వచ్చి కుర్చీలో కూర్చుంటారు. మొదట మామ కూర్చునేవాడు. ఇప్పుడు మొగుడు నర్సింహ కూర్చుంటున్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం గిరాకీ జోరు మీదున్నప్పుడు కోడలు పూజిత కేక పెట్టింది.

"అత్తమ్మా, కాలు! నీ కాలు సూడు!"

సత్తెమ్మ కిందికి చూసింది. బండ మీద ఒలికిన పాలలో ఎర్రటి చార. గడ్డి మోపుకు చుట్టే ఇనుప తీగ, వేలెడు ముక్క, అరికాల్లో దిగి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. మధ్యాహ్నం బర్రెలకు గడ్డి వేసి వచ్చింది. అప్పుడే అయి ఉండాలి. అంటే నాలుగు గంటలు దాన్ని కాల్లో పెట్టుకునే తిరిగింది. అన్నం వండింది, గిన్నెలు తోమింది, క్యాన్లు మోసింది.

నర్సింహ లేచి వచ్చి తీగ పీకాడు. ఇంత పసుపు అద్దాడు. పాల కోసం గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డ రజియా బీ వైపు తిరిగి నవ్వాడు.

"సూసినవా ఆపా? ఇనుము దిగినా అబ్బా అనలే. మా ఇంటిదంటే గట్లుంటది. ఉక్కు."

"ఉక్కు లేదు గిక్కు లేదు భాయ్. దవాఖానకు తీస్కపో," అంది రజియా బీ.

నిజం చెప్పాలంటే మొగుడి మాట సత్తెమ్మకు తియ్యగానే ఉంది. ఆ ఇంట్లో ఆమెకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. పెళ్ళయిన రెండో ఏడు, మొదటి కాన్పుకు ముందు, పిక్కల మీద నరాలు వానపాముల్లా నీలంగా ఉబ్బాయి. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు గుంజేవి, ఎవరో లోపలినుంచి పిండుతున్నట్టు. మొగుడితో చెప్పింది. "మా అమ్మకు గుంజలేదా?" అన్నాడు. అత్తతో చెప్పింది. అత్త గిరాకీ అందరి ముందూ, "గీ పిల్లకు నిలబడుడు గూడ మనమే నేర్పాలె," అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత సత్తెమ్మ చెప్పడం మానేసింది. ఒకసారి జ్వరంతో, ఒళ్ళు కాలిపోతుంటే, రెండు పూటలూ నిలబడి పోసింది. ఆ రోజు నర్సింహ తన బావతో అంటుంటే విన్నది: "నొప్పి అనేదే తెల్వదు దీనికి. మస్తు గట్టి మనిషి." లోపల గిన్నెలు సర్దుతున్న ఆమెకు గుండె నిండిపోయింది. కూర బాగుందని ఆయన ఎన్నడూ అనలేదు. అత్త ఏడాదిన్నర మంచాన పడితే ఎత్తి కడిగినందుకు ఒక్క మాట అనలేదు. ఇదొక్కటి అన్నాడు. అప్పటినుంచి ఎవరడిగినా "నొప్పా? నాకేం లేదు," అనడం మొదలుపెట్టింది. ఆ పేరు నిలుపుకోవడానికి నిలబడింది. తర్వాత షుగర్ వచ్చింది. అరికాళ్ళలో మంటలు, చీమలు పాకినట్టు తిమ్మిర్లు. కొన్నేళ్ళకు అవీ పోయాయి. నొప్పి లేదు అన్న మాట చివరికి నిజమైంది.

మర్నాడు పూజితే దవాఖానకు తీసుకెళ్ళింది. "పసుపు పెట్టినం గద, ఇంకేంది?" అని నర్సింహ అంటూనే ఉన్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. కట్టు మార్పించి, సత్తెమ్మను బల్ల మీద పడుకోబెట్టింది. కళ్ళు మూసుకోమంది. సన్నని దారంలాంటిది కాలికి ఆనిస్తానని, తగిలినప్పుడల్లా చెప్పమని అంది.

"తగిలిందా?"

"ఆఁ."

"ఇప్పుడు?"

"ఆఁ, తగిలింది మేడమ్."

"ఇప్పుడు?"

"తగిలింది."

డాక్టరమ్మ మెల్లగా అంది.

"అమ్మా, నేనింకా మీ కాలు ముట్టుకోలేదు."

వెనక పూజిత ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. సత్తెమ్మ కళ్ళు తెరిచింది. దారం డాక్టరమ్మ చేతిలో, గాలిలో ఉంది. అబద్ధం చెప్పాలని ఆమె అనుకోలేదు. అవతలివాళ్ళు ఏది అడిగితే దానికి సరే అనడం అలవాటు, నోటికి అదే వచ్చేసింది.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తెలిపే నరాలు దెబ్బతిన్నాయి. అది ఒకటి. ఏళ్ళ తరబడి నిలబడడం వల్ల కిందికి దిగిన రక్తం సరిగా పైకి ఎక్కడం లేదు, మడమల పైన చర్మం నల్లబడింది అందుకే. అది రెండోది. పోయిన స్పర్శ మళ్ళీ వస్తుందని చెప్పలేను, కాళ్ళనైనా కాపాడుకోవాలి అంది. చెప్పుల్లేకుండా అడుగు పెట్టొద్దు. ఎక్కువసేపు నిలబడొద్దు. రోజూ కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుని పడుకోవాలి.

"మొదట్లో బాగా నొప్పి ఉండే ఉంటుంది. అప్పుడే ఎందుకు రాలేదమ్మా?"

"లేకుండె మేడమ్," అంది సత్తెమ్మ. కోడలు పక్కనే ఉంది మరి.

ఆటోలో తిరిగి వస్తుంటే పూజిత వంగి మోకాలి వెనక రుద్దుకుంది. పైజామా కొంచెం పైకి జరిగింది. సత్తెమ్మ చూసింది. పిక్క మీద నీలం గీతలు. సన్నగా, కొత్తగా.

"ఎప్పటిసంది?"

"ఏం లేదత్తమ్మా."

"గుంజుతదా?"

"లేదు."

ఆ 'లేదు' అంత తొందరగా ఎలా వస్తుందో సత్తెమ్మకు తెలుసు. అది తన ఇంట్లో పెరిగిన మాట. రెండేళ్ళ కింద, ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు, ఈ పిల్లే ఒక స్టూలు వేసుకుంటానని అడిగింది. "నేను నిలబడలేదా? నాకేం నొప్పి లేకుండె," అంది సత్తెమ్మ, గిరాకీ అందరూ వింటుండగా. వాళ్ళు నవ్వారు. పిల్ల కూడా నవ్వింది. మళ్ళీ అడగలేదు. అత్త తనను చిన్నబుచ్చింది గానీ, నొప్పి లేదని అబద్ధమైతే చెప్పలేదు. తను చెప్పింది. ఆ పాపం అత్త మీద వేయడానికి లేదు. ఇల్లు చేరేదాకా సత్తెమ్మ బయటికే చూస్తూ కూర్చుంది. కోడలి మొహం చూడలేకపోయింది.

మూడు రోజులు గడిచాయి. కాలికి కట్టు ఉంది కాబట్టి అరుగు మీద పూజిత ఒక్కతే పోస్తోంది. సత్తెమ్మ ముందు గదిలో మంచం మీద, రెండు దిండ్ల మీద కాళ్ళు పెట్టుకుని పడుకుంది. అలా పడుకోవడానికి ఆమెకే సిగ్గుగా ఉంది. నర్సింహ పోతూ వస్తూ, "వచ్చేటోళ్ళకు ఎదురుంగ కాళ్ళు జాపుకుంటరా ఆడోళ్ళు?" అని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ఆమె కాళ్ళు దింపింది. ఆయన వెళ్ళాక మళ్ళీ ఎత్తింది.

కిటికీలోంచి అరుగు కనబడుతోంది. పూజిత బరువంతా ఒక కాలి మీద వేసింది. కాసేపటికి రెండో కాలి మీదికి మార్చింది. పాలు కొలిచే కొలత చేతిలో ఉండగానే క్యాన్‌కు నడుము ఆనించింది.

"సక్కగ నిలబడు," కుర్చీలోంచి నర్సింహ అన్నాడు. "మీ అత్తను సూసి నేర్చుకో. ముప్పై ఏండ్లు. ఒక్కనాడు కాలు నొచ్చిందని అనలే."

"నాకేం నొప్పి లేదు మామా," అంది పూజిత, నిటారుగా అయిపోయి.

సత్తెమ్మ దిండ్ల మీంచి కాళ్ళు దింపింది. డాక్టరమ్మ చెప్పి కొనిపించిన మెత్తని చెప్పులు మంచం కింద ఉన్నాయి. వేసుకుంది. గుమ్మం దాటి, ఆ చెప్పులతోనే పాల బండ మీదికి వచ్చింది. వరసలో ఉన్నవాళ్ళు మాటలాపారు.

"నొచ్చింది," అంది.

నర్సింహ తలెత్తాడు. "ఏంది?"

"కాళ్ళు నొచ్చినయ్. పెండ్లయిన రెండో ఏడుసంది. దినాం నొచ్చినయ్. లేదని అబద్ధమాడిన. గీ పిల్లకు గూడ గదే అబద్ధం జెప్పిన." ఆమె కోడలి వైపు తిరిగింది. "కొలత కింద పెట్టు బిడ్డా. లోపలికి పో. పోయి పండుకో."

పూజిత మామను చూసింది. అత్తను చూసింది. కొలత కింద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మస్తు గుంజుతున్నయ్ అత్తమ్మా," అంది. లోపలికి వెళ్ళిపోయింది.

క్యాన్ దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. వరసలోవాళ్ళు గిన్నెలు పట్టుకుని నర్సింహను చూస్తున్నారు. ఆయన మొహం ఎర్రబడింది.

"ముప్పై ఏండ్లు నోరు మూస్కొని, ఇయ్యాల గల్లీ అంత ఇనేటట్టు లొల్లి వెడ్తవా? గంత నొస్తే గప్పుడే ఎందుకు చెప్పలే?"

సత్తెమ్మకు కోపం రాలేదు. తను కూడా ఎన్నోసార్లు వేసుకున్న ప్రశ్నే అది.

"నొప్పి లేదంటే మెచ్చుకుంటుంటివి," అంది. "ఇంక దేనికీ మెచ్చుకోకపోతివి."