రెండు మైకుల పాట

ఆర్విల్ సెక్స్టన్ పాడడానికి వస్తున్నాడంటే చెల్లెలు డెల్ఫియా ఎప్పుడూ ఒక్క మైకే తీసేది. కెంటకీ కొండల్లో, మూతపడ్డ చర్చి కొనుక్కుని పెట్టిన స్టూడియో ఆమెది. అన్న గిటారు వాయిస్తూ పాడతాడు. ఛాతీకి ఎదురుగా, కాస్త ఎడంగా ఆ ఒక్కటీ నిలబెడితే గొంతూ తీగలూ కలిసిపోయి మనిషి ఎదురుగా కూర్చున్నట్టే వినిపించేది.

ఈసారి రెండు తీసింది. ముందురోజు వదిన ఒలీటా ఫోన్ చేసి బతిమాలింది మరి. ఆర్విల్ కుడిచేతికి వణుకుడు జబ్బు పట్టుకుని చాలా కాలమైంది.

"ఆ వాయింపు జనం వినకూడదు డెల్ఫీ. గొంతు ఉంచేసి, గిటారు తర్వాత ఇంకెవరి చేతైనా వాయించు. ఆయనకి మాత్రం చెప్పకు" అంది.

గిటారు ఒళ్ళో లేకపోతే ఆర్విల్‌కి పాట రాదు. అందుకని ముందూ వెనకా మాత్రమే విని, పక్కల నుంచి వచ్చేది వినిపించుకోని మైకులు ఎంచుకుంది డెల్ఫియా. ఒకదాని పక్క గిటారు వైపుకీ, రెండోదాని పక్క నోటి వైపుకీ ఉండేలా వంచింది. అలా అయితే గొంతూ గిటారూ దాదాపు వేరువేరుగా పడతాయి. వేరుగా పడ్డదాన్ని తీసెయ్యడం తేలిక.

ఆర్విల్ వచ్చి కూర్చున్నాడు. జీవితమంతా మైకుల ముందు గడిపినవాడు, వాటి వంపు చూడగానే తెలిసిపోయింది.

"నా చెయ్యి కోసేద్దామనుకున్నావా అమ్మాయ్?" అన్నాడు, నవ్వుతూనే.

డెల్ఫియా తలెత్తలేకపోయింది. ఒలీటా పేరూ చెప్పలేదు. రెండూ తీసేసి పాతది ఒక్కటే పెట్టింది.

వరదకి కొట్టుకుపోయిన వంతెన మీద తను కట్టిన పాట అందుకున్నాడు ఆర్విల్. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో వేళ్ళు తీగల కోసం తడుముకున్నాయి, తప్పు తీగలు మోగాయి. అయినా చివరిదాకా పాడాడు. తర్వాత వినిపిస్తే కళ్ళు మూసుకుని విన్నాడు.

"నాకిదే బావుంది అన్నయ్యా. ఇందులో నువ్వున్నావు" అంది డెల్ఫియా. మనసులోంచే అంది.

"ఉన్నాను. అదే వినలేకపోతున్నా. ఆ రెండూ పెట్టెయ్."

పెట్టింది. మళ్ళీ పాడాడు. తర్వాతి వారం హజార్డ్ అనే ఊరి నుంచి ఒక కుర్రవాడొచ్చి గిటారు శుభ్రంగా వాయించి వెళ్ళాడు. పాట బయటికొచ్చాక చర్చి భోజనాల దగ్గర అందరూ ఆర్విల్ వాయింపుని మెచ్చుకున్నారు. వాయించింది నేను కాదని కొన్నాళ్ళు చెప్పాడు. తర్వాత చెప్పడం మానేశాడు.

చలికాలంలో ఒలీటా మళ్ళీ ఫోన్ చేసింది. ఆయన గిటారు పెట్టె తెరవడమే లేదట. పొద్దున్నే వంటింట్లోకి తప్పులతోనైనా వినిపించేదట, ఇప్పుడు అదీ లేదట.

"మొదట పాడింది నీ దగ్గరుందా డెల్ఫీ? నేనొక్కదాన్నే వింటాను."

"ఆ రోజే చెరిపేయించాడు వదినా" అంది డెల్ఫియా. "పక్కనే నిలబడి మరీ."

అవతల ఒలీటా ఫోన్ పెట్టలేదు.